తాళాల మోతలో గొంతు వినిపించాలంటే: పదడుగుల గదిలో భజన రికార్డింగ్

ఇంట్లో పాట రికార్డు చెయ్యడం నేర్పే వీడియోలు కోకొల్లలు. చాలా వాటిలో ఒకటే దృశ్యం. ఒక కుర్రాడు, చేతిలో గిటారు, ముందు ఒక మైకు, వెనక గోడకి నల్లటి ఫోమ్ ముక్కలు. అందులో చెప్పే సలహాలన్నీ ఆ కుర్రాడికి సరిపోతాయి. దక్షిణ ఒడిశాలో, పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో శనివారం సాయంత్రం భజన జరిగే ఇంటికి వెళ్తే వ్యవహారం వేరుగా ఉంటుంది. చాప మీద హార్మోనియం పెట్టె, దాని వెనక పాడే పెద్దాయన, పక్కన డోలక్, ఎదురుగా రెండు జతల తాళాలు, గోడ వారగా వంత అందుకునే ఆరేడుగురు. ఒక పాట తెలుగు, తర్వాతది ఒడియా. మొదట నెమ్మదిగా ఎత్తుకున్న చరణం ఆఖరుకు వచ్చేసరికి రెట్టింపు వేగంలో ఉంటుంది.

ఇలాంటి బృందం తన పాటల్ని ఇంట్లోనే రికార్డు చేసుకుని ఫోన్లలో పంచుకోవాలనుకోవడం బరంపురం నుంచి జయపురం దాకా ఇప్పుడు మామూలే. లాప్‌టాప్ ఉంది, ఐదారు వేలు పెడితే మైకు వస్తుంది, సాఫ్ట్‌వేర్ ఉచితంగానూ దొరుకుతుంది. అయినా వచ్చిన రికార్డింగ్ వింటే తాళాలు చెవులు చిల్లులు పొడుస్తాయి, గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. వెంటనే తప్పు మైకు మీదకు వెళ్తుంది. ఇంకా ఖరీదైనది కొంటారు. అది బావిని మరింత స్పష్టంగా వినిపిస్తుంది.

అసలు చిక్కు మైకులో కాదు. వీడియోల్లోని సూత్రాలు ఏ గదికి, ఏ వాయిద్యానికి, ఏ భాషకి పుట్టాయో చూడకుండా తెచ్చి ఇక్కడ పెట్టడంలో ఉంది. ఈ మూడింట్లో గది సంగతే పెద్దది, అందుకని దాంతోనే మొదలుపెట్టాలి.

డాబా కట్టాక మోగడం మొదలైంది

పాత పెంకుటింట్లో ఎవరూ గది మోగుతోందని అనుకోలేదు. ఏటవాలు కప్పు, కర్ర దూలాలు, ఎగుడుదిగుడు మట్టి గోడలు, అటక మీద సామాను, ఇవన్నీ శబ్దాన్ని తలో దిక్కుకీ చెదరగొట్టేవి. సందుల్లోంచి బయటికి పోయేది కూడా. ఇబ్బందల్లా బయటి కోళ్ళు, కుక్కలు కూడా అవే సందుల్లోంచి లోపలికి వినపడటమే. డాబా వచ్చాక గోడలు నున్నగా, ఒకదానికొకటి ఎదురుగా, నేల మీద టైల్స్, పైన స్లాబు. ఖాళీ గదిలో ఒకసారి చప్పట్లు కొడితే టంగ్‌మని రేకు డబ్బాలాంటి మోత వస్తుంది. శబ్దం రెండు గోడల మధ్య బంతిలా అటూ ఇటూ కొట్టుకోవడమే ఆ మోత.

ఇది చెవికి తెలిసే భాగం. తెలియని భాగం ఇంకొకటి ఉంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గది తీసుకుందాం. మన వాతావరణంలో శబ్దం సెకనుకు సుమారు 348 మీటర్లు పోతుంది. పదడుగులంటే 3.05 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య నిలబడిపోయే మొదటి తరంగం దాదాపు 57 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 57 కంపనాల దగ్గర వస్తుంది, దాని తర్వాతవి 114, 171. మూడు కొలతలూ ఒకటే కావడంతో మూడు వైపులా అవే అంకెలు పడి ఒకదానికొకటి బలం చేకూరుస్తాయి. వాస్తు సంగతి ఎలా ఉన్నా, చదరంగా కట్టిన గది పాటకి మంచిది కాదు.

ఈ అంకెలు పాటలో ఎక్కడ తగులుతాయో చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఒకటిన్నర శ్రుతిలో పాడే మగ గొంతుకి మధ్య షడ్జమం 138 హెర్ట్జ్ పైచిలుకు. అక్కణ్ణుంచి కిందికి దిగి మంద్ర చతుశ్రుతి ధైవతం పట్టుకుంటే 116 దగ్గర ఉంటుంది. పైన అంతర గాంధారం 174 దగ్గర. అంటే గది తానుగా మోగే 114, 171లకి పక్కపక్కనే. మోహనంలో ఈ రెండు స్వరాలూ ఉన్నాయి. ఆ రాగంలో ఏదైనా పాట ఎత్తుకుంటే గాంధారం, మంద్ర ధైవతం వచ్చిన ప్రతిసారీ గది కూడా గొంతు కలుపుతుంది. మిగతా స్వరాలు మామూలుగా, ఈ రెండూ బుర్రుమని. ‘పెద్దాయన గొంతు ఒక్కో చోట లావవుతోంది’ అని మిక్స్ చేసే కుర్రాడు వాపోతాడు. పెద్దాయన పొరపాటేమీ లేదు.

దీనికి గోడకి ఫోమ్ ముక్కలు అంటిస్తే ఏ లాభమూ లేదు. ఒక పొర శబ్దాన్ని బాగా పీల్చాలంటే దాని మందం ఆ తరంగం పొడవులో నాలుగో వంతు ఉండాలి. నాలుగంగుళాల పరుపు 850 హెర్ట్జ్‌కి పైన చక్కగా పనిచేస్తుంది, ఇంకా కిందికి కొంత సాయం చేస్తుంది. 114 దగ్గర నాలుగో వంతు అంటే 75 సెంటీమీటర్ల పైనే. అంగుళం ఫోమ్ అక్కడ ఏం చెయ్యగలదు? పై మోతని మాత్రం మింగేసి, కింది బుర్రుమనడాన్ని అలాగే వదిలేస్తుంది. అప్పుడు గొంతు బావిలోంచి కాస్తా గోనెసంచిలోంచి వచ్చినట్టు తయారవుతుంది. కోడిగుడ్ల అట్టలు ఇంకా నయం అనుకునేవాళ్ళున్నారు. నయం కాదు, వాటిలో పీల్చే పదార్థమే దాదాపు లేదు.

అయితే ఈ ప్రాంతపు ఇళ్ళలో పనికొచ్చే సామాను ముందే ఉంది. దూది పరుపులు, పాత చీరలతో కుట్టిన బొంతలు, రగ్గులు. నాలుగంగుళాల దూది పరుపుని గోడకి ఆనించకుండా జానెడు ఖాళీ వదిలి నిలబెడితే పనితనం ఇంకా కిందికి దిగుతుంది. రాయగడ జిల్లాలో పత్తి పండుతుంది, గుణుపురం వైపు ఇళ్ళలో సీజన్లో పత్తి బస్తాలు ఉండటం వింత కాదు. వాటిని వదులుగా నింపి గది మూలల్లో నేల నుంచి ఛాతీ ఎత్తు దాకా పేర్చితే, కింది స్వరాల మోతని పీల్చడానికి బజారులో బాస్ ట్రాప్ పేరుతో అమ్మే వస్తువు చేసే పనే చేస్తాయి. మూలల్లోనే ఎందుకంటే కింది స్వరాల ఒత్తిడి అక్కడే ఎక్కువగా పోగవుతుంది. దీపం, అగరుబత్తి మాత్రం వాటికి ఆమడ దూరంలో ఉండాలి. భజన ఇల్లు కాబట్టి ఇది నొక్కి చెప్పాల్సిన మాట.

ఇక పైసా ఖర్చులేని ఉపాయం, కూర్చునే చోటు మార్చడం. ఆ గదికి సరిగ్గా నడిమధ్యన 114 బలంగా ఉంటుంది. గోడ నుంచి రెండున్నర అడుగుల దూరంలో ఆ దిశలో అది చాలావరకు పడిపోతుంది. అందరూ అలవాటుగా చాప నడిమధ్యనే పరుస్తారు. చాపని జరిపి, పాడేవారికి వెనక గోడ ఒక దూరంలో, పక్క గోడ ఇంకో దూరంలో ఉండేలా చూసి, వెనక పరుపు నిలబెట్టాలి. పెద్దాయన చేత నెమ్మదిగా స్వరాలు పైకీ కిందికీ పాడించి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటూ అడుగడుగు జరిపితే ఒక చోట స్వరాలన్నీ ఒకే లావులో వస్తాయి. అక్కడ సుద్దముక్కతో గీత గీసుకోవాలి. ఈ అరగంట ఖర్చుపెట్టే ఓపిక బృందాల్లో అరుదు. అందరూ వచ్చి కూర్చున్నాక జరగమంటే టెన్షన్ కూడా. ముందు రోజే ఒక్క గాయకుణ్ణి పిలిచి చూసుకుంటే గొడవే ఉండదు.

దూరమే ఫేడర్, అంటే శబ్దం పెంచి తగ్గించే మీట

మైకుని కంప్యూటర్‌కి కలిపే, ఇంటర్‌ఫేస్ అని పిలిచే చిన్న పెట్టెకి సాధారణంగా రెండు మైకులు తగిలించే వీలుంటుంది. మనుషులు పదిమంది. రెండు మైకులతో పదిమందిని సర్దడం తెలియక చాలామంది ఎనిమిది మైకుల పెట్టె కోసం డబ్బులు కూడబెడతారు. చిన్న గదిలో ఎనిమిది మైకులు పెడితే తాళాలు ఎనిమిదింట్లోనూ పడతాయి, ఒక్కో దాంట్లో ఒక్కో ఆలస్యంతో. కలిపినప్పుడు అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుని, ఇత్తడి తాళం గీరుకుపోయిన రేకులా వినపడుతుంది. తక్కువ మైకులే మేలు.

మైకు నుంచి దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే శబ్దం, దాని బలాన్ని కొలిచే లెక్కలో, 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గాయకుడు అడుగు దూరంలో, తాళాలు ఎనిమిది అడుగుల దూరంలో ఉంటే ఆ దూరం ఒక్కటే తాళాన్ని 18 డెసిబెల్స్ కిందికి దించాలి. గది మోత వల్ల అంత రాదు, అయినా సగం వచ్చినా పెద్ద లాభమే. పైగా గుండెకాయ ఆకారంలో వినే మైకు, అంటే కార్డియాయిడ్ రకం, ముందునుంచి వచ్చేదాన్ని బాగా తీసుకుని సరిగ్గా వెనక నుంచి వచ్చేదాన్ని బాగా వదిలేస్తుంది. కాబట్టి మైకు ఎవరి వైపు చూస్తోందన్నది ఎంత ముఖ్యమో, దాని వీపు ఎవరి వైపు ఉందన్నదీ అంతే ముఖ్యం.

హార్మోనియం విషయంలో ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం పని అయిపోతుంది. పెద్దాయన పాడుతూ తనే వాయించుకుంటారు. స్టాండు తెచ్చి మైకుని నోటికి ఎదురుగా అడ్డంగా పెట్టడం అలవాటు. అప్పుడు హార్మోనియం మైకుకి కింద, పక్క నుంచి తగులుతుంది. పక్క నుంచి వచ్చేదాన్ని కార్డియాయిడ్ సగానికి మించి తగ్గించదు. అలా కాకుండా మైకుని కిందికి దించి, హార్మోనియం మెట్లకి జానెడు పైన, నోటికి జానెడున్నర కింద, ముఖం పైకి చూసేలా నిలబెట్టి చూడాలి. ఇప్పుడు మైకు వీపు నేరుగా పెట్టె మీద ఉంటుంది. గొంతు ముందునుంచి, హార్మోనియం వెనకనుంచి. రీడ్ల మోత, తిత్తి కదిలే ఉస్సుబుస్సు ఆశ్చర్యపోయేంత తగ్గుతాయి. ప, బ, ఫ, భ పలికినప్పుడు ఊపిరి మైకుకి సూటిగా తగలకుండా పైనుంచి పోవడం ఇంకో లాభం. ఒక చిక్కు ఉంది. మైకు ముఖం ఇప్పుడు స్లాబుని చూస్తోంది కనుక పైకప్పు మోత పడుతుంది. ఫ్యాను కొక్కేనికి నాలుగు మూలలా తాళ్ళు కట్టి తల మీద బొంత వేలాడదీస్తే అదీ తీరుతుంది. ఫ్యాను ఎలాగూ ఆపాల్సిందే.

ఇంత చేసినా తీరని సమస్య ఒకటి మిగులుతుంది. అది సంగీతానిది, సామానుది కాదు. గాయకుడు ఏ స్వరం పాడితే అదే స్వరాన్ని హార్మోనియం మీద పక్కనే నొక్కుతూ పోవడం. రెండూ ఒకే స్వరంలో, దాని మీద మోగే ఒకే పై పలుకులతో ఉంటే ఏ ఈక్వలైజరూ, అంటే శబ్దంలో ఒక్కో భాగాన్ని విడిగా పెంచి తగ్గించే పరికరం, వాటిని విడదీయలేదు. విడదీయగలనని చెప్పే కొత్త సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, వాటిలో పెడితే గొంతు నీళ్ళలో పాడినట్టు గుడగుడలాడుతుంది. చరణం పాడుతున్నంతసేపూ సా, పా మాత్రం పట్టుకుని, పంక్తికీ పంక్తికీ నడుమ ఖాళీలో స్వరాలు వాయిస్తే ఈ చిక్కు మొదట్లోనే పోతుంది. నలభై ఏళ్ళ అలవాటుని మానుకోమని పెద్దవాళ్ళకి చెప్పడం కష్టమే. ఒక పాట రెండు రకాలుగా రికార్డు చేసి వినిపిస్తే మాత్రం మాట్లాడకుండానే ఒప్పుకుంటారు.

వంత పాడేవాళ్ళని రెండో మైకు చుట్టూ అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టాలి. గట్టి గొంతులు వెనక్కి, మెత్తటి గొంతులు ముందుకి. ఎవరైనా ఎక్కువగా వినిపిస్తే కంప్యూటర్లో తగ్గించలేం, అంతా ఒకే ట్రాక్. ‘మీరు ఒక మూర వెనక్కి జరగండి బాబాయ్’ అనాల్సిందే. డోలక్ అదే మైకులో కొంత, గాయకుడి మైకులో కొంత పడుతుంది, చాలు. వానాకాలంలో డోలక్ తోలు చెమ్మ పట్టి శ్రుతి దిగిపోతుంది. పొయ్యి సెగ చూపించి బిగించుకున్నా గంటకే మళ్ళీ సడలుతుంది. అందుకని పాటకీ పాటకీ మధ్య ఒకసారి చూసుకోవడం మంచిది.

అందరూ కలిసా, ఒక్కొక్కరా

సినిమా స్టూడియోల పద్ధతి విడివిడిగా తీసి తర్వాత కలపడం. వీడియోలూ అదే చెప్తాయి. వేగం మారకుండా కొట్టే మెట్రోనోమ్ టిక్కు పెట్టుకుని మొదట తాళం, తర్వాత హార్మోనియం, ఆఖర్న గొంతు. భజనకి ఈ టిక్కే శత్రువు. పాట వేగం పెరగడం భజనలో తప్పు కాదు, అసలు నడకే అది. వంత అందుకునేవాళ్ళు గాయకుడి ఊపు చూసి తోస్తారు, ఆ తోపుకి డోలక్ ఎగురుతుంది. టిక్కులో బంధిస్తే శవంలా వస్తుంది.

మధ్యేమార్గం ఒకటి ఉంది. ముందు అందరూ కలిసి, తాళాలతో సహా, ఒకసారి పూర్తిగా పాడేది ఒక మైకుతో తీసుకోవాలి. అది దారి చూపే ట్రాక్. తర్వాత హెడ్‌ఫోన్లో దాన్ని వింటూ డోలక్ ఒక్కటే, ఆ పైన గొంతు, ఆ పైన వంతలు, ఆఖర్న తాళాలు పెట్టుకోవచ్చు. మొదటి ట్రాక్‌ని తీసేస్తే ఊపు మిగులుతుంది, గందరగోళం పోతుంది. ఇందులో సగం బృందాలు హెడ్‌ఫోన్ పెట్టుకోగానే బిగుసుకుపోతాయి. ఒక చెవి మీద పెట్టుకుని రెండో చెవి ఖాళీగా వదిలేస్తే కొంచెం నయం. అప్పటికీ కుదరకపోతే తాళాలు మాత్రం తర్వాత పెట్టుకుని, మిగతాదంతా కలిపే తీసుకోవడం మంచిది. ఒక్క తాళాలు విడిగా ఉంటే చాలు, మిక్స్‌లో మూడొంతుల తలనొప్పి తగ్గుతుంది.

విడివిడిగా తీసేటప్పుడు కంప్యూటర్ ఆలస్యం గమనించాలి. బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకి పోగేసుకునే శబ్దం, 1024 శాంపిళ్ళ మీద ఉంటే 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర అదొక్కటే 23 మిల్లీసెకన్లు. రానుపోను ఇంకా ఎక్కువ. తన గొంతు తనకే ఆలస్యంగా వినిపిస్తే పాడేవాళ్ళు తమకి తెలియకుండానే వెనకబడతారు. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అనే మీట ఉంటుంది, అది నొక్కితే గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళకుండా నేరుగా చెవికి వస్తుంది.

హార్మోనియం శ్రుతి ఇంకో మెలిక. పాత పెట్టెల రీడ్లు అరిగి, గీకి, మార్చి ఉంటాయి. ఫోన్లో స్వరాన్ని కొలిచే ట్యూనర్ పెట్టి చూస్తే 440 హెర్ట్జ్ ఉండాల్సిన చోట 446 చూపించినా ఆశ్చర్యం లేదు. అది అర స్వరంలో దాదాపు నాలుగో వంతు తేడా. భజనలో ఎవరికీ పట్టదు, అందరూ పెట్టెకే కలుపుతారు. తర్వాత ఎవరో అబ్బాయి కీబోర్డు మీద వేణువో వీణో కలపబోతే అప్పుడు తెలుస్తుంది. కీబోర్డు మాస్టర్ ట్యూనింగ్‌ని 446కి మార్చి వాయిస్తే సరిపోతుంది. కంప్యూటర్లో హార్మోనియాన్ని లాగి 440కి తేవడం తలకిందుల పని.

ఏం కొనాలి, ఎంత వరకు

సామాను గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. షూర్ ఎస్‌ఎం58 మైకు 1966లో వచ్చింది, ఇప్పటికీ అదే రూపంలో అమ్ముడవుతోంది. డైనమిక్ రకం కాబట్టి దెబ్బలకి, చెమ్మకి తట్టుకుంటుంది. గోపాలపూర్ సముద్రపు గాలి తగిలే బరంపురంలో ఇది చిన్న విషయం కాదు. కండెన్సర్ మైకు చెమ్మ పడితే చిటపటమంటుంది, వాడనప్పుడు సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో మూసి ఉంచుకోవాలి. దానికి 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు కూడా కావాలి. డైనమిక్ మైకు గది మోతని తీసుకోదని ఒక నమ్మకం బాగా పాకింది. అది నిజం కాదు. దాన్ని నోటికి దగ్గరగా పెట్టుకుని వాడతారు, అందుకే మోత తగ్గినట్టు ఉంటుంది. కండెన్సర్‌ని అంత దగ్గర పెట్టినా దాదాపు అంతే. డైనమిక్‌కి గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే మోతాదు, ఎక్కువ ఇవ్వాలి, చవక ఇంటర్‌ఫేస్ అయితే అప్పుడు ఉస్సుమనే చప్పుడు పైకొస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఏదైనా పరవాలేదు. ఆడాసిటీ ఉచితం, రీపర్ 60 రోజులు వాడి చూడొచ్చు. 24 బిట్‌లో పెట్టుకుని, అందరూ గట్టిగా పాడే చోట కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ ఉంచుకోవాలి. భజన ఆఖర్న ఊపొచ్చినప్పుడు ఎంత పెరుగుతుందో రిహార్సల్లో తెలియదు. ఎర్ర లైటు వెలిగి పగిలిన గొంతుని ఏ మిక్సింగూ అతకదు, తక్కువగా తీసుకున్నదాన్ని మాత్రం పెంచుకోవచ్చు.

కరెంటు సంగతి కూడా ఇక్కడే. రికార్డింగ్‌లో బుర్ర్‌మనే సన్నని మోత ఉంటే చాలాసార్లు అది 50 హెర్ట్జ్ కరెంటు, దాని రెట్టింపులు. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్ళలో లాప్‌టాప్ తాకితే జివ్వుమన్నట్టు ఉంటుంది, అదే మైకు కేబుల్లోకి ఎక్కుతుంది. ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేస్తే సగం కేసుల్లో పోతుంది. బయటి చప్పుళ్ళకి మందు సమయం ఒక్కటే. రాత్రిళ్ళు నిశ్శబ్దం అనుకుంటాం కానీ కీచురాళ్ళు నాలుగైదు కిలోహెర్ట్జ్ దగ్గర కూస్తాయి, గొంతుకి స్పష్టత ఇచ్చే చోటు సరిగ్గా అదే. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి సద్దుమణిగే గంటన్నర మేలు. గుణుపురం వాళ్ళు రైలు టైము చూసుకుంటే చాలు.

ఆఖరి అచ్చు ఎక్కడికి పోయింది

మిక్సింగ్ దగ్గర భాష వచ్చి అడ్డం నిలబడుతుంది. ఈ మాట వీడియోల్లో కనపడదు, ఎందుకంటే అవి ఇంగ్లీషు పాటల మీద తయారైనవి.

తెలుగు అజంత భాష. మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. రాముడు, కృష్ణుడు, దేవుడు, పాడరు, రారు. ఒడియాలోనూ అంతే, హిందీలోలాగా ఆఖరి అకారం రాలిపోదు. పాటలో పంక్తి చివర గాయకుడు ఊపిరి వదులుతూ ఆ ‘ఉ’నో ‘ఇ’నో మెత్తగా విడిచిపెడతాడు. పంక్తి మొత్తంలో అతి చిన్న శబ్దం అదే.

ఇప్పుడు నాయిస్ గేట్ పెట్టారనుకుందాం. ఒక స్థాయి కన్నా చిన్న శబ్దం వస్తే తలుపు మూసేసే పరికరం అది. ఇంగ్లీషు మాట చివర ట, డ, క లాంటి గట్టి హల్లు వచ్చి ఆగిపోతుంది కాబట్టి తలుపు ఆ తర్వాత మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఇక్కడ మాత్రం ‘రాముడు’ కాస్తా ‘రాముడ్’ అవుతుంది. పాడిన పెద్దాయన విని, తనెప్పుడూ అలా పలకలేదే అని తికమకపడతారు. నాయిస్ తీసేసే బటన్లు కూడా కొంచెం నెమ్మదిగా ఇదే పని చేస్తాయి. ఇలాంటి రికార్డింగ్‌కి గేట్ పెట్టకపోవడమే సులువు. పంక్తుల మధ్య ఖాళీల్లో వాల్యూమ్‌ని చేత్తో తగ్గించుకుంటూ పోవాలి. నాలుగు నిమిషాల పాటకి ఇరవై నిమిషాల పని.

ఈక్వలైజర్ దగ్గర ఇంకో ఉచ్చు. ‘200 నుంచి 400 హెర్ట్జ్ దాకా బురద, తీసెయ్యండి’ అని అందరూ చెప్తారు. బురద ఉన్నమాట నిజమే, గది మోత అక్కడే పేరుకుంటుంది. కానీ ‘ఉ’కారపు మొదటి బలం కూడా 300 చుట్టుపక్కలే ఉంటుంది. అక్కడ గట్టిగా కోస్తే మాటల చివర్లు మళ్ళీ పోతాయి. ఫోన్ స్పీకర్ ఎలాగూ 300 కింద సరిగా పలకదు, మిగిలిందీ మనమే కోసేస్తే ఇంకేముంటుంది? 80 కింద మొత్తం తీసెయ్యొచ్చు, అక్కడ గొంతు లేదు. 250 దగ్గర రెండు మూడు డెసిబెల్స్ చాలు. గది బాగు చేసుకున్నవాళ్ళకి అదీ అక్కర్లేకపోవచ్చు.

గట్టి శబ్దాన్ని అణిచి చిన్నదానికి దగ్గర చేసే కంప్రెసర్‌ని మూడుకి ఒకటి నిష్పత్తిలో, గట్టి చోట్ల నాలుగైదు డెసిబెల్స్ తగ్గేలా పెడితే పంక్తి చివర్లు కాస్త పైకి లేస్తాయి. గేట్ తిన్నదానికి ఇది విరుగుడు లాంటిది. మరీ పిండితే ఊపిరి చప్పుళ్ళు, తిత్తి చప్పుళ్ళు కూడా ముందుకొచ్చేస్తాయి.

ఎకో గురించి ఈ ప్రాంతంలో ఎవరితోనైనా వాదన పెట్టుకోవడం కష్టం. గుడి మైకుసెట్టులో ఎకో లేనిదే భక్తి లేదన్న అభిప్రాయం బలంగా ఉంది. ఎకో పెట్టొచ్చు, కాకపోతే గొంతు మీద కాకుండా గొంతు వెనక. గుడిలో మోగినట్టు చేసే రివర్బ్‌కి 30, 40 మిల్లీసెకన్ల ముందు ఆలస్యం ఇచ్చి, రివర్బ్‌లోంచి 300 కింద తీసేస్తే మాట ముందు స్పష్టంగా వినపడి, గుడి వెనకాల మోగుతుంది. వంతలకి కొంచెం ఎక్కువ, గాయకుడికి కొంచెం తక్కువ.

ఇక్కడి కొండల్లో ఉండే సవరల పాటల్లాంటివి రికార్డు చేసేవాళ్ళకి మాత్రం ఈ సొగసులేవీ అవసరం లేదు. పర్లాకిమిడిలో ఉన్న రోజుల్లో గిడుగు రామమూర్తి వాటిని చెవితో విని తెలుగు లిపిలో రాసుకున్నారు. ఇప్పుడు అదే పని మైకు చేస్తుంది. పాడేవాళ్ళని అడిగి, వాళ్ళు మామూలుగా పాడుకునే చోటే, ఆ వాతావరణంతో సహా తీసుకుని, అసలు ఫైలుని ముట్టుకోకుండా దాచడమే అక్కడ పని.

తాళం గట్టిగా ఉంటే గొంతు ఎందుకు చిన్నదవుతుంది

యూట్యూబ్ లాంటి చోట్ల పాట ఎంత గట్టిగా పెట్టినా సుమారు మైనస్ 14 ఎల్‌యుఎఫ్‌ఎస్ అనే కొలతకి దించేస్తారు. ఆ కొలత మనిషి చెవిని అనుకరిస్తూ రెండు కిలోహెర్ట్జ్ పైన ఉన్న శబ్దానికి ఎక్కువ మార్కులు వేస్తుంది. ఇత్తడి తాళాల బలమంతా అక్కడే. కాబట్టి తాళాలు పెద్దగా ఉన్న మిక్స్ చాలా గట్టి పాటగా లెక్కకొస్తుంది, దాంతో మొత్తం పాటని కిందికి లాగుతారు, గొంతుతో సహా. ఊపు కోసం పెంచిన తాళమే గొంతుని చిన్నది చేసింది. తాళాన్ని నాలుగు డెసిబెల్స్ తగ్గించి చూస్తే పాట మొత్తం పెద్దదవుతుంది. నమ్మబుద్ధి కాదు కానీ అంతే.

మిక్స్ పూర్తయ్యాక వినాల్సింది హెడ్‌ఫోన్లో కాదు, జనం వినే చోట. ఫోన్ స్పీకర్లో డోలక్ ఎడమవైపు గుమ్ము దాదాపు మాయమైపోతుంది. దాన్ని కింద పెంచి లాభం లేదు, వేళ్ళ దెబ్బ వినిపించే రెండు కిలోహెర్ట్జ్ దగ్గర కొంచెం పెంచితే చెవి గుమ్ముని ఊహించుకుంటుంది. ఎడమ, కుడి రెండూ కలిపి మోనోలో ఒకసారి వినాలి, ఎందుకంటే గుడి లౌడ్‌స్పీకర్ బాకాలో వచ్చేది అదే. ఆటోలో కూడా వినాలి, కుదిరితే కదులుతున్న ఆటోలో.

పాటని ఫోన్లో పంపేటప్పుడు వాయిస్ మెసేజ్‌గా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి, లేకపోతే అది నలిగి మాటల కోసం తయారైన సన్నపాటి శబ్దంగా మారుతుంది. ఫోన్‌తోనే రికార్డు చేసేవాళ్ళకి ఇంకో మాట. కొన్ని ఫోన్లలో వాయిస్ రికార్డర్ నిలకడగా ఉండే శబ్దాన్ని ఫ్యాను మోత అనుకుని తగ్గిస్తుంది. హార్మోనియం శ్రుతి కూడా నిలకడగానే ఉంటుంది కదా. పాట మొదలైన రెండు క్షణాలకి శ్రుతి వెనక్కి జారిపోతుంటే కారణం అదే. సెట్టింగ్స్‌లో నాయిస్ రిడక్షన్ ఆపేస్తే తిరిగొస్తుంది.

మిక్స్ చెయ్యని అసలు ట్రాకుల్ని వేవ్ ఫైళ్ళుగానే రెండు చోట్ల దాచుకోవాలి. ఫైలు పేరులోనే తేదీ, శ్రుతి, ట్యూనర్ చూపించిన అంకె రాసుకుంటే, వచ్చే కార్తీకంలో అదే పాటకి వేణువు కలపాలనుకున్నప్పుడు ఆ పాత పెట్టె మళ్ళీ బాగుకి వెళ్ళి 446 కాస్తా 441 అయి ఉన్నా ఇబ్బంది ఉండదు.